పసుపు బొట్టు పెట్టిన సర్వరు

తప్పు చేయనివాడు ఉండడంటారు. నిజమే కానీ, తప్పుని కూడా పద్ధతిగా, వరసక్రమంలో, తేదీ వేసి, కింద స్కేలుతో గీత గీసి మరీ చేసేవాళ్ళు తక్కువ. నేను ఆ తక్కువమందిలో ఒకణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది ఒక ఎండపొద్దున మా తీరానికి నేను తెచ్చిపెట్టిన ఉపద్రవం. తుఫానులు మాకు కొత్త కాదు. వాటికి పేర్లు పెడతారు, ముందుగా హెచ్చరిస్తారు, స్కూళ్ళకు సెలవిస్తారు. నా ఉపద్రవానికి ఆ మర్యాదలేవీ జరగలేదు.

అప్పటికి నేనింకా చిన్నవాణ్ణి. రిటైరై ఏడాది కాలేదు. పలాసలో టెలిఫోన్ల ఆఫీసులో కూర్చుని ఒకరి కబుర్లు ఇంకొకరికి చేరవేయడంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. సంతబొమ్మాళి మండలంలోని మా ఊరు తిరిగొచ్చాక నాకంటూ ఒక్క కబురూ లేక, గాలి తీసిన బంతిలా వీధి అరుగు మీద పడి ఉండేవాణ్ణి. సాయంత్రాలు డాబా ఎక్కితే ఒకవైపు నౌపడా ఉప్పు కుప్పలు తెల్లగా, ఇంకోవైపు కొబ్బరితోటల మీదుగా సముద్రం నీలంగా కనిపించేవి. ఆ రెంటి మధ్య నా మనసు గాలిపటంలా ఎగురుతూ ఉండేది. దారం మాత్రం మా ఆవిడ ఇందిర చేతిలో ఉండేది.

"ఏటలాగ సూత్తన్నారు, ఆకాశంలో ఏటున్నాది?" అనేది.

"కొంగలు. తేలినీలాపురం వెళ్తున్నాయి. ఎక్కడి చలిదేశమో, ఎన్ని సముద్రాలో, ఏ ఏటికాయేడు సరిగ్గా ఆ చెట్ల మీదికే వచ్చి వాలతాయి. వాటికి చిరునామా ఎవరు చెబుతారంటావు?"

"తెల్దు. మీరు బజారుకెల్తే మాత్తరం వంకాయలడిగితే బెండకాయలట్టుకొత్తారు."

ఆ కొంగల్ని చూస్తూ చూస్తూ పుస్తకం ఒకటి తెప్పించి జావా అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. ఈ వయసులో జావా ఏమిటని మీరు నవ్వవచ్చు. అరవై దాటాక అమ్మాయిల వెంట పడటం కన్నా జావా వెంట పడటం మర్యాదస్తుల పని.

నేర్చిన విద్య ఊరకుంటుందా? మా ఊరి చివర, సముద్రం ఒడ్డున, మత్స్యకారుల పేట ఉంది. పడవలు ఒడ్డు చేరగానే చేపలకు ఐసు కావాలి. ఐసు టెక్కలి నుంచి రావాలి. టెక్కలిలో ఆ ఐసు ఫ్యాక్టరీ మా ఆవిడ అన్నయ్య కూర్మారావుది, అంటే మా బావది. పేట ఆడవాళ్ళు ఫోను చేస్తే లైను దొరకదు. దొరికితే గాలి హోరులో మాట వినబడదు. వినబడితే బండి పొరపాటున పక్క పేటకు పోతుంది. ఇది చూసి నేను ఊరుకోలేకపోయాను. ఒక కబురు దారి తప్పడం నా కళ్ళ ముందే!

"బావా, ఫోన్లు వద్దు. కంప్యూటర్ పెడదాం. ఒడ్డున మీట నొక్కితే నీ ఫ్యాక్టరీలో స్లిప్పు అచ్చవుతుంది. స్లిప్పు చూసి బండి బయల్దేరుతుంది," అన్నాను.

"నీకు పని నేకపోతే నా తోటలో కొబ్బరికాయలెక్కెట్టు బావా. నా యాపారం మీద పడతావేటి?" అన్నాడు కూర్మారావు. కానీ చెల్లెలి ముఖం చూసి ఒప్పుకున్నాడు. చెల్లెలు అప్పుడు దణ్ణం పెట్టినంత పనిచేసింది. నన్ను పగలంతా ఇంట్లోంచి తీసుకుపోయే పని ఏదైనా ఆమెకు దైవకార్యమే.

ఇక్కడ కాస్త విద్య చెప్పాలి, భయపడకండి. రేషన్ షాపు ముందు మనుషులకు బదులు సంచులు వరసలో కూర్చుంటాయి చూశారా? మనిషి టీకి పోయినా సంచి తన చోటు వదలదు. మెసేజ్ క్యూ అంటే అంతే. కబుర్లు వచ్చిన వరసలో కూర్చుంటాయి, తీసుకునేవాడు వచ్చేదాకా ఒక్కటీ పోదు. ఆ వరసను కాపాడే షాపువాడి పేరు అప్లికేషన్ సర్వరు. మా ఐసు వరస టెక్కలి కంప్యూటర్లో ఉంటుంది. ఒడ్డున ఉన్న కంప్యూటర్ ముందుగా టెక్కలిని "ఐసు వరస ఏ చిరునామాలో ఉందండీ?" అని అడగాలి. ఆ అడగడాన్ని లుకప్ అంటారు. టెక్కలి చిరునామా చెబుతుంది. ఒడ్డు ఆ చిరునామాకు కబురు పంపుతుంది. కొంగలకు తెలిసిన విద్యే, కంప్యూటర్‌కి కాస్త ఓపికగా చెప్పాలి.

టెక్కలిలో పెట్టే ముందు సాధన కోసం అచ్చం అలాంటి సర్వరునే ఒడ్డున మత్స్యకారుల సంఘం గదిలోని కంప్యూటర్లో పెట్టుకున్నాను. ఇందిర వచ్చి ఆ కంప్యూటర్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నీళ్ళు కీబోర్డు మీద పడకుండా నేను గొడుగు పట్టాను. పేట ఆడవాళ్ళంతా హారతి కళ్ళకద్దుకున్నారు. తర్వాత టెక్కలిలో అసలు సర్వరు పెట్టి వచ్చి, ఇక ఒడ్డున సాధన సర్వరుతో పని లేదు కదా అని ఆపబోయాను.

"అపచారం," అంది ఇందిర. "పూజ సేసిందాన్ని మీ సేత్తో మీరే ఆర్పేత్తారేటి? ఎలిగించిన దీపం ఎవలైనా ఊదేత్తారా?"

పుస్తకంలో ఈ విషయం లేదు. అవసరం లేని సర్వర్లు ఆపేయమని మాత్రం ఉంది, కానీ ఆ పుస్తకం రాసినాయన మా ఇందిరకు ఎదురుపడలేదు. ఒక మూల ఉంటే పోయేదేముంది, అమ్మవారి పక్కన చిన్న దీపంలా ఉంటుందిలే అని వదిలేశాను. అలా ఒకే రకం సర్వర్లు రెండు, టెక్కలిలో ఒకటి, ఒడ్డున ఒకటి, కవల పిల్లల్లా నడుస్తూ ఉన్నాయి.

పేట ఆడవాళ్ళ పెద్ద ఎర్రమ్మ. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆ పసుపు రాసిన కంప్యూటర్ మీదే మీట నొక్కడం ఆమెకు నేర్పాను. నొక్కగానే తెర మీద పచ్చలైటు వెలిగి "కబురు చేరింది" అని వచ్చేది.

"ఓలమ్మ, ఎంత సల్లగున్నాదే," అనేది ఎర్రమ్మ. ఆ పచ్చలైటు కోసం పేటలో ప్రతి ఒక్కరూ వచ్చి నొక్కి పోయేవారు. పడవ ఉన్నవాళ్ళూ నొక్కారు, పడవ లేనివాళ్ళూ నొక్కారు. పురిటికి పుట్టింటికొచ్చిన పిల్లని కూడా తీసుకొచ్చి నొక్కించారు.

కొన్నాళ్ళు అలా నడిచింది. నేను రోజూ టెక్కలికి ఫోన్ చేసి ఫ్యాక్టరీ గుమస్తా సింహాచలాన్ని అడిగేవాణ్ణి.

"ఏమయ్యా, మా ఒడ్డుకి బండి బయల్దేరిందా?"

"బయల్దేరిందండి."

అంతే, నా డైరీలో "వ్యవస్థ అద్భుతం" అని రాసుకునేవాణ్ణి. స్లిప్పు వచ్చిందా అని ఒక్క రోజూ అడగలేదు. అన్నీ అడిగినోడు అల్లుడి పేరు అడగడం మరిచాడన్నట్టు. బండి బయల్దేరడానికి అసలు కారణం ఏమిటంటే, ఎర్రమ్మ ఇటు మీట నొక్కి, అటు కొబ్బరిచెట్టు చాటుకు పోయి, సింహాచలానికి పాతపద్ధతిలో ఫోన్ చేసేది. నేను చిన్నబుచ్చుకుంటానని నాకు చెప్పేది కాదు. సింహాచలమేమో స్లిప్పులు ముహూర్తం పెట్టాక వస్తాయి కాబోలని ఊరుకున్నాడు. ఇంతటి మర్యాదస్తుల మధ్య నిజం ఎలా బతుకుతుంది?

ముహూర్తం పెట్టాను. ఎర్రమ్మ కొడుకు కొత్త పడవ కట్టించుకున్నాడు. దాని తొలి వేట రోజే మా ప్రారంభోత్సవం. ఆ రోజు నుంచి ఫోను మీద బండి కదలకూడదు, స్లిప్పు మీదే కదలాలి, ఒక స్లిప్పుకి ఒక బండి, స్లిప్పు వచ్చాక ఎవరినీ ఏమీ అడగకూడదు అని గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం చేసి, ఫ్యాక్టరీ గోడకి అంటించాను.

తొలి వేట సంగతి మీకు చెప్పాలి. ఆ పేటలో ఒక నమ్మకం ఉంది. కొత్త పడవ తొలి వేట పచ్చిచేపగా బజారుకు పోవాలి. ఐసు అందక, చేప మెత్తబడి, ఇసకలో ఎండబెట్టాల్సి వస్తే ఆ పడవకు ఎండుచేపల పడవ అనే పేరు పడుతుంది. ఆ పేరు పడ్డ పడవ ఎక్కడానికి కూలీవాడు కూడా రాడు. ఎర్రమ్మ తన మెడలోని పట్టెడ అమ్మి కొడుక్కి ఆ పడవ కట్టించింది.

ఆ పొద్దున సముద్రం నిద్రలో నవ్వే పసిపాపలా ఉంది. ఎండ ఇంకా బంగారం రంగులోనే ఉంది. మూలపేట వైపు పోర్టు పనుల లారీలు ఎక్కడో కలలో తేనెటీగల్లా రొద చేస్తున్నాయి. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ రోజు డైరీ పొద్దున్నే రాసేసి వచ్చాను: "ప్రారంభోత్సవం జయప్రదం. అందరూ మెచ్చుకున్నారు." తీరిక ఉండదేమోనని.

పడవ వచ్చింది. పడవ నిండా కోనాం చేపలు, వెండి కడ్డీల్లా. పేటంతా ఒడ్డున చేరింది. ఎర్రమ్మ స్నానం చేసి వచ్చి, బొట్టు పెట్టుకుని, మీట నొక్కింది. పచ్చలైటు వెలిగింది.

ఎదురుచూశాం. ఎండ బంగారం నుంచి వెండికి మారింది. బండి రాలేదు.

"బాబూ, బండేదీ?" అంది ఎర్రమ్మ.

"వస్తుంది. కబురు చేరిందని ఉంది కదా."

"ఎవలికి సేరింది బాబూ?"

అప్పుడు ఆ ప్రశ్నలోని లోతు నాకు తెలియలేదు. "నువ్వు ఫోనేమీ చేయలేదు కదా?" అన్నాను గంభీరంగా.

"నేదు బాబూ. రోజూ సేసీదాన్ని. ఇయ్యాల మీ ముహూర్తమని, మీ మాట మీద, సెయ్యనేదు."

నా కాళ్ళ కింద ఇసక నెమ్మదిగా సముద్రంలోకి జారింది. రోజూ చేసేదట. వెంటనే సింహాచలానికి ఫోన్ చేశాను.

"సింహాచలం, స్లిప్పు వచ్చిందా?"

"నేదండి."

"ఇన్నాళ్ళలో ఎప్పుడైనా వచ్చిందా?"

"ఎప్పుడూ రానేదండి. తమరు అడగనేదండి."

"సరే, ముందు ఒక బండి పంపు."

"స్లిప్పు నేందే కదల్చకూడదని గోడ మీదుందండి. కింద సంతకం కూడా ఉన్నాదండి."

"ఆ సంతకం నాదేనయ్యా."

"మీదో కాదో ఫోనులో నాకెలా తెలుత్తాదండి? ఫోను మీద కదల్చొద్దని కూడా మీరే రాసినారు కదండి."

మా బావకు చేస్తే, ఆయన పలాసలో ఎవరిదో పెళ్ళిలో మేళం పక్కన ఉన్నట్టున్నాడు, ఫోన్ తీయలేదు. నేను తీసిన గోతి ఎంత పద్ధతిగా ఉందంటే, అందులో పడ్డాక ఎక్కడానికి ఒక్క మెట్టు కూడా లేదు.

గదిలోకి పరుగెత్తి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. టెక్కలి సర్వరుని పలకరించాను. పలికింది. ఐసు వరస ఉందా అని లుకప్ చేశాను. ఉందని చిరునామా ఇచ్చింది. కబురు పంపాను. చేరిందని పచ్చలైటు. టెక్కలి వరస తెరిచి చూశాను. ఒట్టి ఇసక. ఒక్క కబురూ లేదు. మళ్ళీ పంపాను. మళ్ళీ చేరింది. మళ్ళీ ఖాళీ. పెళ్ళికి వచ్చామని అందరూ చెబుతున్నారు, పందిట్లో చూస్తే ఒక్కరూ లేరు.

కిటికీలోంచి ఎర్రమ్మ కొడుకు కనిపిస్తున్నాడు. చేపల మీద తడిగోనె కప్పి, సముద్రపు నీళ్ళు చల్లుతున్నాడు. ఎర్రమ్మ గడప మీద కూర్చుంది. తిడితే బాగుండేది.

అలాంటి సమయంలో మనసు ఎక్కడికి పోతుందో చెప్పలేం. నాదేమో ఆకాశానికి పోయింది. రెండు కొంగలు తేలినీలాపురం వైపు మెల్లగా, తొందర లేకుండా పోతున్నాయి. వాటి నీడలు ఇసక మీద, పడవ మీద, ఎర్రమ్మ మీద జారిపోయాయి. పోయేచోటు తెలిసిన రెక్కలు కదా, ఎంత నిదానం అనుకున్నాను. నా కబుర్లు కూడా ఎక్కడో వాలే ఉంటాయి. వాలకపోతే చేరలేదని తెర మీద ఎర్ర అక్షరాలు రావాలి కదా? ఎక్కడ వాలుతున్నాయి? వాటిని రమ్మని కూర్చోబెడుతున్న చెట్టు ఏది?

నా తనిఖీలో అన్నీ చూశాను. ఒక్కటి తప్ప. కిటికీ నుంచి నెమ్మదిగా తల తిప్పి, నా ముందున్న కంప్యూటర్ మీది పసుపు వైపు చూశాను. ఇంటికి ఫోన్ చేశాను.

"ఇందిరా, ఆ పూజ చేసిన సర్వరుని ఒక్క నిమిషం..."

"ఆర్పడానికి నేదు."

"కోనాం చేపలు మెత్తబడిపోతున్నాయి. ఎర్రమ్మ కొడుకు తొలి వేట."

 ఇందిర మెత్తగా అంది: "అయితే ఆర్పకండి. కొండెక్కించండి. ముందొక దండవెట్టండి."

కళ్ళు మూసుకుని దండం పెట్టి సర్వరుని కొండెక్కించాను. మళ్ళీ కబురు పంపాను. ఈసారి పచ్చలైటు వెలగలేదు. తెర నిండా ఎర్ర అక్షరాలు. నా ఉద్యోగ జీవితంలో ఎర్ర అక్షరాలను చూసి అంత ఆనందపడలేదు. తలుపు తట్టాను, ఎవరూ తీయలేదు అని ఉంది. ఎవరి తలుపో చిరునామా కూడా ఉంది. అది టెక్కలి కాదు. ఈ గదే.

జరిగిందేమిటంటే, ప్రపంచంలో ప్రతి కంప్యూటర్‌కి "మా ఇల్లు" అనే చిరునామా ఒకటి ఉంటుంది. ఎవరు వాడితే వాళ్ళ ఇల్లే. టెక్కలి సర్వరులో ఐసు వరసకు నేను పద్ధతిగా రాసిన చిరునామా అదే. శుభలేఖలో "వేదిక: మా ఇల్లు" అని అచ్చేసి, ఊరి పేరు లేకుండా పంచానన్నమాట. ఒడ్డు కంప్యూటర్ ఆ శుభలేఖ అందుకుని, పట్టుచీర కట్టుకుని, తన ఇంట్లోనే కూర్చుంది. మామూలుగా అయితే అక్కడ పెళ్ళి లేదని తెలిసి మొదటి రోజే గగ్గోలు పెట్టేది. కానీ ఆ ఇంట్లో మా ఇందిర పసుపు కుంకుమలతో నిలబెట్టిన కవల సర్వరు ఉందాయె. వచ్చిన ప్రతి కబురునీ "రా తల్లీ" అని కూర్చోబెట్టింది. పేటంతా నొక్కిన కబుర్లు అక్కడే, గడప దాటకుండా, హాయిగా ఉన్నాయి.

టెక్కలి సర్వరులో అసలు చిరునామా రాసి, మళ్ళీ లేపాను. పరీక్షకు ఒక కబురు పంపాను.

"స్లిప్పొచ్చిందండి!" అన్నాడు ఫోనులో సింహాచలం. "బండి కదిలిందండి."

ఎర్రమ్మ గడప మీంచి లేచింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇక్కడితో ఆపి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

ఆ ఆనందంలో కళ్ళ ముందు సముద్రం ఉయ్యాలలా ఊగుతోంది. అంతలో నాకు కవల సర్వరులోని కబుర్లు గుర్తొచ్చాయి. పాపం, ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నాయో. ఎర్రమ్మ ఆ పొద్దున నొక్కిన అసలు కబురు దాదాపు అన్నిటికన్నా చివర ఉంది. దాన్ని ఒక్కదాన్నే ముందు పంపవచ్చు. కానీ వరసలో వెనకున్నవాణ్ణి ముందుకు తోయడం నేను పలాసలో ఒక్క రోజూ చేయలేదు. మా మామగారు ఆఫీసుకొచ్చినా వరసలోనే నిలబెట్టాను. కాబట్టి కవలను మళ్ళీ వెలిగించి, ఉన్న కబుర్లన్నిటినీ వచ్చిన క్రమంలో, ఒక్కటి పోకుండా, టెక్కలికి సాగనంపాను. మీట నొక్కి చేతులు కట్టుకుని, కొంగల్లా పోతున్నాయి కదా అనుకున్నాను.

మొదటి బండి వచ్చింది. పేట ఈలలు వేసింది. కోనాం చేపలు ఐసులో పడుకున్నాయి, కొత్త పడవ పరువు నిలిచింది. చేపలు తీసుకుని బండి బజారుకు పోయింది. అంతలో రెండో బండి వచ్చింది. దాని వెనకే మూడోది. కొబ్బరితోటల మధ్య దారిలో దుమ్ము లేస్తూనే ఉంది. ఫ్యాక్టరీ బండ్లు అయిపోయి అద్దె బండ్లు వచ్చాయి. అవీ అయిపోయి, జీడిపిక్కల బస్తాలు మోసే ట్రాక్టర్లు వచ్చాయి. ఒక స్లిప్పుకి ఒక బండి, ఎవరినీ ఏమీ అడగకూడదు. సింహాచలం గోడకు కట్టుబడిన మనిషి.

చిట్టచివరి బండిలోంచి మా బావ దిగాడు. పెళ్ళి పట్టుబట్టలు, నుదుట చందనం. ఒడ్డున గుట్టలుగా ఐసు. ఎండకు దాని మీంచి తెల్లటి పొగ లేచి, పడవలు, వలలు, మనుషులు అన్నీ మబ్బులో తేలుతున్నట్టున్నాయి. మండుటెండలో మా ఊరు హిమాలయం దాకా పోయొచ్చింది. చంటిపిల్లలు ఐసు ముక్కలు చెంపలకు పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ముసలమ్మలు మజ్జిగ కుండలు తెచ్చారు. మేకలు కూడా వచ్చి నాకి, ఆశ్చర్యపడి, మళ్ళీ నాకాయి.

"ఏటి బావా ఇది? సముద్రాన్ని గడ్డ కట్టించేద్దావనుకున్నావేటి?" అన్నాడు కూర్మారావు.

"వరస ప్రకారం వచ్చాయి బావా," అన్నాను.

"ఎర్రమ్మా, నువ్వైనా సెప్పనేకపోయావా?"

ఎర్రమ్మ మజ్జిగ గ్లాసులో ఐసు ముక్క వేసి మా బావ చేతికిచ్చింది. "నానేటి సెప్పేది బాబూ. ఇంత ఐసుకి సాలినన్ని సేపలు సముద్రంలో నేవు."

మా బావ ఆ గ్లాసు తాగి, ఇంకొకటి తాగి, నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక ఐసు గుట్ట మీదే కూర్చున్నాడు. పట్టుపంచె తడిసి లేచాడు. ఆ నాటి నుంచి ఎర్రమ్మ కొడుకు పడవను పేటలో ఐసుపడవ అంటారు. ఎక్కడానికి కూలీలు పోటీ పడతారట. నాకు మాత్రం ఏ పేరు పెట్టారో నా ముందు ఎవరూ అనరు.

పొద్దున్నే రాసేసిన డైరీలో కొట్టివేతలు నా పద్ధతి కాదు. "అందరూ మెచ్చుకున్నారు" అన్న వాక్యం పక్కన "మేకలతో సహా" అని చేర్చి ఊరుకున్నాను.

ఇక ఇందుమూలంగా, పసుపు బొట్టు సాక్షిగా, సముద్రం వైపు తిరిగి నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: ఎవరు, ఎప్పుడు, ఎక్కడున్నావని అడిగినా, ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రంతో సహా పూర్తి చిరునామా చెబుతానే తప్ప, "ఇక్కడే" అనీ, "ఇంట్లోనే" అనీ ఈ జన్మలో అనను.

ఈ మాట రాస్తుండగానే లోపల్నుంచి ఇందిర కేకేసింది.

"ఏమండీ, ఎక్కడున్నారు?"

"శ్రీకాకుళం జిల్లా, సంతబొమ్మాళి మండలం, మన ఊరు, మన ఇంటి వీధి అరుగు, తూర్పు వైపు కుర్చీలో."

"అక్కడే ఉండండి," అంది. "వంకాయలు తెమ్మంటే మల్లీ బెండకాయలే అట్టుకొచ్చినారు."